పిట్ట ప్యాకెట్ మీద ఉంది, చెట్టేదీ?

సంపాదకులు గారికి,

పది రోజుల కిందట మీ ఆదివారం అనుబంధంలో సెరూలియన్ వార్బ్లర్ అనే చిన్న నీలి పిట్ట పేరు పెట్టిన కాఫీ రోస్ట్ (వేయించిన గింజలు) గురించి అరపేజీ వేశారు. కొంటే పిట్ట బతుకుతుందన్నారు. ఎలా బతుకుతుందో మాత్రం రాయలేదు. ఏ జీవికి ఎంత ముప్పుందో లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో ఆ పిట్ట ఇప్పుడు ‘ముప్పు అంచున’ ఉన్న వర్గంలో ఉంది. మీ శీర్షికలో ఏకంగా అంతరించిపోయే దశకు వచ్చేసింది. సరే, అది చిన్న తప్పే.

అసలు సంగతి తోటలో ఉంది. 9 గ్రాములుండే ఈ పిట్ట ఎండాకాలం ఉత్తర అమెరికా తూర్పు అడవుల్లో గూడు కట్టి, చలికాలానికి కొలంబియా నుంచి పెరూ దాకా ఆండీస్ వాలుల్లోకి దిగుతుంది. కాఫీ పండేదీ ఆ వాలుల్లోనే. అది చిటారు కొమ్మల్లో పురుగులు ఏరుకుని తింటుంది, కాఫీ పొదల్లో కాదు. అందుకే అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ వాళ్లు కాఫీ తోటలకిచ్చే ‘బర్డ్ ఫ్రెండ్లీ’ ముద్ర కావాలంటే తోటలో కనీసం 40 శాతం నీడ ఉండాలి, ప్రధాన నీడచెట్లు 12 మీటర్ల ఎత్తు ఉండాలి, అవి కాక మరో 10 జాతుల చెట్లు ఉండాలి. సేంద్రియ ధ్రువీకరణ కూడా తప్పనిసరి. మందు కొడితే పురుగు చస్తుంది, పిట్టకు తిండి పోతుంది.

మీరు పొగిడిన ప్యాకెట్ మీద ఉన్నది ‘నీడలో పండింది’ అన్న రెండు మాటలే. ఒకే జాతి చెట్లను వరసగా నాటి, ఏటా గొడుగుల్లా నరికినా నీడ పడుతుంది. ఆ కొమ్మల మీద పాచి ఉండదు, పురుగు ఉండదు, పిట్ట వాలదు. పైగా ధ్రువీకరణ ఇచ్చేది తోటకు, రోస్ట్ పేరుకు కాదు. పేరు అలాగే ఉంచి, లోపలి గింజలను సీజనుకో తోట నుంచి తేవచ్చు. గింజలు వేడికి రెండోసారి చిట్లే దాకా నల్లగా వేయిస్తే అన్నీ ఒకే చేదుకు దగ్గరవుతాయి, తేడా తెలియదు. ‘స్పెషాలిటీ’ కాఫీ, అంటే మేలురకం, అంటారా? కప్పులో రుచి చూసి 100కు 80, ఆపైన మార్కులు వేస్తే మామూలుగా ఆ పేరు వస్తుంది. ఆ మార్కుల్లో పిట్టకు వాటా లేదు.

కంపెనీ వాళ్లు ప్యాకెట్‌కొక మొక్క నాటుతారట! ఆ మొక్క 12 మీటర్లు పెరిగేసరికి ఎన్ని వలసలు గడుస్తాయో లెక్క వేశారా?

ప్యాకెట్ల మీద రాతలు చూసే అధికారులకు నికర బరువులో రెండు గ్రాములు తగ్గితే కనిపిస్తుంది, నీడ అంటే ఎంత నీడ అని అడగడం తోచదు. వాళ్లననడం ఎందుకు, ఒకప్పుడు డెస్కులో ఎవరో ఒకరు ఫోను చేసి ‘ఏ తోటండీ?’ అని అడిగేవారు. ఇప్పుడు కంపెనీ పంపిన కాగితమే వార్త. తోట పేరు, కోత ఏడాది, ధ్రువీకరణ సంస్థ, వేయించిన తేదీ: ఈ నాలుగూ ప్యాకెట్ మీద లేకపోతే, అందులో నిజమని చెప్పగలిగింది బొమ్మ ఒక్కటే.

నిన్న మీ చివరి పేజీలో అదే కాఫీ ప్రకటన పడింది. పిట్ట బొమ్మ ఇంకాస్త పెద్దదైంది. తోట పేరు మాత్రం ఇప్పటికీ లేదు.

- ఒక పాఠకుడు