వాగులు పొంగకముందే హ్యామ్‌లకు ఒక గది ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం ఏర్పాట్ల మీద కలెక్టరేట్‌లో జరిగిన సమీక్ష వార్త మీ పత్రికలో చదివాను. పడవలు, ఇసుక బస్తాలు, పునరావాస కేంద్రాలు, కంట్రోల్ రూమ్ నంబర్లు అన్నీ ఉన్నాయి. ఆ నంబర్లకు ఫోన్ కలవకపోతే ఏం చేయాలో మాత్రం ఎక్కడా లేదు. అప్పుడు పనికొచ్చేది హ్యామ్ రేడియో, అంటే ప్రభుత్వ లైసెన్సు తీసుకుని సరదా కొద్దీ సొంత రేడియో సెట్లతో ఒకరితో ఒకరు మాట్లాడుకునే మాలాంటి వాళ్ల పని. ఆ ఒక్క విషయం గురించే ఈ ఉత్తరం.

2023 జులై 27 మన వైపు ఎవరూ మరచిపోయే రోజు కాదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. మోరంచపల్లిని వాగు ముంచేస్తే జనం డాబాలెక్కి ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నారు, హెలికాప్టర్లు, పడవలు వచ్చి కాపాడాయి. కొండాయిలో జంపన్న వాగు మనుషులనే తీసుకుపోయింది. మరుసటేడాది సెప్టెంబరులో కేసముద్రం దగ్గర కట్ట కోసుకుపోయి రైలు పట్టాలు గాల్లో వేలాడాయి. అలాంటి ముసురులో ముందు పోయేది కరెంటు. సెల్ టవర్‌ను బ్యాటరీ కొన్ని గంటలు నిలబెడుతుంది. ఆ తర్వాత జనరేటర్‌కు డీజిల్ కావాలి, డీజిల్ తీసుకెళ్లే దారికేమో అడ్డంగా వాగు పారుతుంటుంది.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను, హ్యామ్ రేడియో లైసెన్సు ఉన్నదాన్ని. హన్మకొండలో మాదొక చిన్న క్లబ్. బోర్డూ లేదు, బిల్డింగూ లేదు, ఒక సభ్యుడి మేడ మీద రేకుల షెడ్డే మా అడ్డా. కాజీపేటలో రైల్వే పని చేసి రిటైరైన పెద్దాయన, మోటార్లకు వైండింగ్ చేసే తమ్ముడు, ఒక పళ్ల డాక్టరు, ఇంజినీరింగ్ పిల్లలు, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి వ్యాపారం చేసే అన్న, ఇలా ఎవరికి ఎవరూ ఏమీ కాని వాళ్లం ఆదివారం పొద్దున అక్కడ చేరుతాం. చాయ్, మిర్చి బజ్జీలు, మధ్యలో సోల్డరింగ్ పొగ. ఇంట్లో వాళ్ల దృష్టిలో ఇదంతా వట్టి టైమ్‌పాస్.

మాలో ఒకరు పాత టెలిగ్రాఫ్ ఉద్యోగి. మన దేశంలో టెలిగ్రాం 2013 జులైలో ఆగిపోయింది కానీ ఆయన చెయ్యి ఆగలేదు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె టెలిగ్రాఫ్‌లో అక్షరాలు పంపే మోర్స్ కోడ్ నేర్చుకుంటానని వస్తే, ఆమె నోట్‌బుక్‌లో చుక్కలు, గీతలు రాసుకోబోయింది. ఆయన పుస్తకం మూసేశారు. "రాసుకోవద్దు బిడ్డా, చెవితో పట్టు" అని నోటితోనే డిడా, డాడిడిడిట్ అని పలుకుతూ కూర్చున్నారు. రాసుకుంటే ప్రతి అక్షరానికీ కళ్లు కాగితం మీదికి పోతాయట, వేగం రాదట. ఇప్పుడు ఆ అమ్మాయి ఆయన కంటే ముందే అక్షరం చెప్పేస్తోంది. లైసెన్సు పరీక్షకు పన్నెండేళ్లు నిండితే చాలు కాబట్టి ఆమెకు వయసు అడ్డం కాదు. పరీక్షకు హైదరాబాద్ దాకా వెళ్లాలి, అదొక్కటే ఇబ్బంది. ఏడాదికి ఒక్కసారైనా వరంగల్‌లో పెడితే మా దగ్గర ఆడపిల్లలు ఇంకొందరు రాస్తారు.

వైండింగ్ తమ్ముడిది ఇంకో కథ. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ రేడియోను తక్కువ ఖర్చుతో ఇంట్లోనే కట్టుకోవచ్చు. అందులో కాయిళ్లు చుట్టడానికి కుళాయి వాషర్లు కూడా సరిపోతాయి. మోటార్లకు వాడగా మిగిలిన రాగి తీగతో ఇతను చుట్టిన కాయిల్ చూసి ఇంజినీరింగ్ పిల్లలు ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. కాలేజీ ల్యాబులో చేతికి రాని పని రేకుల షెడ్డులో వచ్చింది.

రోజూ రాత్రి గాలిలో కూడా కలుసుకుంటాం. దాన్ని నెట్ అంటాం, ఇంటర్నెట్‌తో సంబంధం లేదు. నడిపించే వాళ్లు ఒకరుంటారు, వారు పిలిచినప్పుడే కాల్‌సైన్, అంటే లైసెన్సుతో వచ్చిన మన గుర్తింపు పేరు చెప్పి మాట్లాడాలి, ముగించి ఓవర్ అనాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా పోతుంది. మిర్చి అన్న తేజ రకం ధర ఎత్తబోతే అక్కడే ఆపేస్తారు. వ్యాపారం, పాటలు, రాజకీయం మా రేడియోలో నిషిద్ధం, ఉల్లంఘిస్తే లైసెన్సుకే ఎసరు. మోకాళ్ల నొప్పులు, పిల్లల చదువులు, ఎవరి చెరువు మత్తడి దుంకింది, ఇవి మాత్రం ఎంతసేపైనా సాగుతాయి. వరుసగా కొన్ని రోజులు ఒకరి గొంతు వినపడకపోతే ఎవరో ఒకరు ఇంటికెళ్లి చూసి వస్తారు.

ఈ కబుర్ల వల్ల ఊరికేం లాభమని అడిగేవాళ్లున్నారు. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వాళ్లు అండమాన్‌కు వెళ్లింది కూడా కబుర్లకే. ఆ దీవుల నుంచి గాల్లోకి వస్తే పలకరించడానికి ప్రపంచంలోని హ్యామ్‌లంతా కాచుకుని ఉంటారు. డిసెంబరు 26న సునామీ వచ్చింది, ఫోన్లు తెగిపోయాయి. పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్, ఆమె బృందం అదే రేడియోతో సహాయ సమాచారం, బంధువుల క్షేమ వార్తలు చేరవేశారు. ఎవరో ఆజ్ఞాపిస్తే అక్కడికి చేరిన వాళ్లు కాదు, సరదా కొద్దీ సామాన్లు మోసుకుపోయిన వాళ్లు.

మన అడవి మండలాలకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. ఏడు మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దగ్గర మాట్లాడటానికి పది మీటర్ల రాగి తీగలు రెండు, కారు బ్యాటరీ ఒకటి, రేడియో ఉంటే సరిపోతుంది. ఆ తీగను మరీ ఎత్తున కాకుండా ఇంటి కప్పంత ఎత్తులో కడితే సిగ్నల్ నిటారుగా పైకి పోయి, ఆకాశంలో చాలా ఎత్తున ఉండే అయనోస్ఫియర్ అనే పొరకు తగిలి చుట్టుపక్కల జిల్లాల మీదే పడుతుంది. మధ్యలో గుట్టలున్నా, అడవి ఉన్నా లెక్కలేదు. పగటి పూట ఏటూరునాగారం నుంచి హన్మకొండకు మాట రావడానికి ఒక్క టవరూ అవసరం లేదు. రాత్రయితే ఈ లెక్క మారుతుంది, అప్పుడు ఇంకా కిందికి, మూడున్నర మెగాహెర్ట్జ్ వైపు దిగాలి, తీగ పొడవు రెట్టింపవుతుంది. చేతిలో పట్టుకునే చిన్న సెట్లయితే ఊరు దాటవు, వాటికి గుట్ట మీద రిపీటర్, అంటే సిగ్నల్ అందుకుని మళ్లీ దూరానికి పంపే పెట్టె కావాలి.

తీగ కట్టుకోవడానికి చోటే మాకు కరువు. మా సభ్యుడొకరు ఉండే అపార్ట్‌మెంట్‌లో రేడియేషన్ వస్తుందని సంఘం వాళ్లు ఆయన యాంటెన్నా విప్పించారు. అదే డాబా మీద సెల్ టవర్ ఉంది, దానికి నెలనెలా అద్దె వస్తుంది గనక దాని మీద ఎవరికీ అనుమానం లేదు.

మేం జీతాలు, గ్రాంట్లు అడగడం లేదు, సెట్లు మావే. కలెక్టరేట్ కంట్రోల్ రూమ్ పక్కన ఒక బల్ల పట్టే గది, పైకప్పు మీద తీగ కట్టుకునే అనుమతి కావాలి. జిల్లా విపత్తు ప్రణాళికలో మా పేరు ఒక్క లైను ఉండాలి, మాక్ డ్రిల్‌కు మమ్మల్నీ పిలవాలి. విపత్తు వేళ ప్రభుత్వం తరఫున సందేశాలు పంపడానికి మా నిబంధనలు ఒప్పుకుంటాయి. గుట్ట మీద ఏ శాఖకైనా ఇప్పటికే టవర్ ఉంటే అందులో రిపీటర్‌కు కొంచెం చోటిస్తే మరీ మంచిది. మేడారంలో కోటి మంది చేరినప్పుడు ఫోన్లు మొరాయించడం, తప్పిపోయిన పిల్లల కోసం తల్లులు మైకుల దగ్గర ఏడవడం మనకు తెలియనిది కాదు. గంగాసాగర్ మేళాలో తప్పిపోయిన వాళ్లను ఇళ్లకు చేర్చే పని పశ్చిమ బెంగాల్ హ్యామ్‌లు ఏళ్లుగా చేస్తున్నారు. వచ్చే జాతరకు ఇక్కడా చేయొచ్చు.

అధికారులకు నమ్మకం కుదరకపోతే ఒక పరీక్ష పెట్టండి. జూన్ మొదటి వారంలో ఏదో ఒక రోజు ఫోన్లు పక్కన పెట్టి, హన్మకొండ నుంచి ములుగు కలెక్టరేట్‌కు ఒక సందేశం మా చేతికివ్వండి. అక్షరం పొల్లుపోకుండా చేరకపోతే గది మాట మళ్లీ ఎత్తం.

ఇట్లు,
ఒక హ్యామ్ రేడియో సభ్యురాలు,
హన్మకొండ