కేబుల్‌ను ఎవరు పరీక్షిస్తారు? వినియోగదారుల వ్యవహారాల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. మీకు నేను రాస్తున్న నాలుగో లేఖ ఇది. మొదటి మూడూ మీ కార్యాలయానికి అందినట్టు రసీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మొదటి లేఖకు జవాబు రాలేదు. రెండో లేఖను సంబంధిత విభాగానికి పంపినట్టు ఒక ముక్క వచ్చింది, ఏ విభాగమో అందులో లేదు. మూడో లేఖకు కాస్త పొడవైన జవాబే వచ్చింది. కేబుల్ ఉపకరణం కాదని, ఉపకరణానికి అనుబంధ వస్తువని, కాబట్టి తప్పనిసరి పరీక్షల పరిధిలోకి రాదని, అయినా మార్కెట్లో నమూనాలు సేకరించి పరీక్షించే పని త్వరలో చేపడతామని అందులో ఉంది. ఆ మాట ఇచ్చి 14 నెలలు దాటింది. మధ్యలో రెండుసార్లు ఫోను చేశాను. ఒకసారి అధికారి సెలవులో ఉన్నారన్నారు, మరోసారి బదిలీ అయ్యారన్నారు. ఇక నలుగురూ చదివేలా రాయడం తప్ప నాకు దారి కనిపించలేదు.

ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేయడం నా వృత్తి. పరీక్షల పథకం గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. చార్జరును పరీక్షిస్తారు, బ్యాటరీని పరీక్షిస్తారు, ఫోనును పరీక్షిస్తారు. వీటిని కలిపే తీగను వదిలేస్తారు. చార్జరు నుంచి బయలుదేరిన కరెంటంతా ఆ తీగలోంచే కదా మంత్రి గారూ, ఫోనుకు చేరాలి!

నా బల్ల సొరుగు నిండా కోసిన కేబుళ్ళు ఉన్నాయి. రిపేరుకు వచ్చినవాళ్ళు పారేయమని వదిలి వెళ్ళినవి. ఒక్కోదాన్ని నిలువునా కోసి, లోపల ఏముందో చూసి, చీటీ రాసి కట్టి పెడుతున్నాను. ఈ వారం కోసినదాని సంగతి చెబుతాను. పైకి చాలా దిట్టంగా ఉంది. నూలు అల్లిక తొడుగు, రెండు కొసల్లో లోహపు పిన్నులు. పెట్టె మీద వేగంగా చార్జింగ్ ఎక్కుతుందని పెద్ద అక్షరాలు. అల్లిక విప్పితే మెత్తటి ప్లాస్టిక్, అది చీలిస్తే మందం కోసం కూరిన దారాలు, ఆ దారాల మధ్య వెతికితే నాలుగు సన్నని తీగలు. కరెంటు మోయాల్సిన ఎర్ర తీగను వలిచి చూస్తే తలవెంట్రుకల్లాంటి పోగులు ఏడు. ఒక పోగును బ్లేడుతో గీకాను. పైన రాగి రంగు, లోపల తెలుపు. అది రాగి పూత పూసిన అల్యూమినియం. పోగు తెల్లగా ఉన్నంత మాత్రాన దోషమని నేననను. తగరం పూత పూసిన మంచి రాగి కూడా పైకి తెల్లగానే ఉంటుంది, గీకితే ఎర్రగా బయటపడుతుంది. ఇక్కడ జరిగింది దానికి తలకిందులు. సొరుగులో ఉన్న మరికొన్ని కేబుళ్ళ పోగులైతే అయస్కాంతానికి అంటుకుంటున్నాయి. రాగి అయస్కాంతానికి అంటుకోదని బడిపిల్లలకు కూడా తెలుసు.

అల్యూమినియం విద్యుత్ వాహకత రాగితో పోలిస్తే సుమారు 61 శాతం. పైగా పదేపదే వంచితే రాగి కంటే తొందరగా తెగుతుంది. మందం సంగతి చూద్దాం. తీగ మందాన్ని గేజ్ అంకెతో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 28 గేజ్ రాగి తీగకు మీటరుకు సుమారు 0.21 ఓమ్‌ల నిరోధం, అంటే కరెంటుకు తీగ పెట్టే అడ్డు, ఉంటుంది. రెండు మీటర్ల కేబుల్ అంటే కరెంటు వెళ్ళడానికి రెండు, తిరిగి రావడానికి రెండు, మొత్తం నాలుగు మీటర్లు. అంటే దాదాపు 0.85 ఓమ్. ఫోను రెండు ఆంపియర్లు లాగితే 1.7 వోల్టులు దారిలోనే పోతాయి. చార్జరు 5 వోల్టులు ఇస్తే ఫోనుకు మిగిలేది 3.3. అదే 24 గేజ్ రాగి వాడితే పోయేది సుమారు 0.67 వోల్టు మాత్రమే. టైప్‌-సి (ఇప్పటి ఫోన్లకు వచ్చే పిన్ను) ప్రమాణం ఈ నష్టానికి స్పష్టమైన హద్దు పెట్టింది. పూర్తి కరెంటు వెళ్తున్నప్పుడు పోయే తీగలో 0.5 వోల్టు, తిరిగొచ్చే తీగలో 0.25 వోల్టు మించి పడిపోకూడదు. ఈ లెక్కకు పెద్ద ప్రయోగశాల కూడా అక్కరలేదు. ఒక మల్టీమీటరు, కరెంటు లాగే ఒక చిన్న పరికరం ఉంటే పది నిమిషాల్లో తేలిపోతుంది. నేను నా బల్ల మీద చేస్తున్నదే ఇది.

దారిలో పోయిన శక్తి ఊరికే పోదు, వేడిగా మారుతుంది. పై లెక్కలో మూడు వాట్లకు పైగా ఆ తీగలోనే ఖర్చవుతుంది. అది తీగ పొడవునా సర్దుకుంటే చేతికి వెచ్చగా తగులుతుంది, అంతే. పిన్ను దగ్గర టంకం సరిగ్గా పట్టకపోయినా, మెడ దగ్గర పోగులు సగం తెగిపోయినా వేడంతా ఆ ఒక్కచోటే పేరుకుంటుంది. నల్లబడి, ప్లాస్టిక్ కరిగి, పిన్నుతో అంటుకుపోయిన చార్జింగ్ పోర్టులను నేను పట్టకారుతో పీకుతూనే ఉన్నాను. ఆ వాసన ఒకసారి పీల్చినవాళ్ళు మరచిపోరు. దిండు పక్కన ఫోను పెట్టుకుని నిద్రపోయేవాళ్ళు ఎంతమందో మీరే ఆలోచించండి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది వేరే ఉంది. రెండు నెలల కిందట ఒక అమ్మాయి ఫోను తెచ్చింది. చార్జింగ్ రాత్రంతా పెట్టినా నిండడం లేదు. అంతకుముందే ఒకచోట బ్యాటరీ మార్చారు, ఇంకోచోట చార్జింగ్ పోర్టు మార్చారు. చివరికి మదర్‌బోర్డు పోయిందని, కొత్త ఫోను కొనుక్కోమని చెప్పారట. నా దగ్గరున్న కేబుల్ పెట్టి చూశాను. ఫోను శుభ్రంగా చార్జింగ్ అయింది. తను తెచ్చిన కేబుల్ పెట్టి కొలిస్తే సగం కరెంటు కూడా వెళ్ళడం లేదు. "అన్నయ్యా, మరి వాళ్ళు బ్యాటరీ ఎందుకు మార్చారు?" అని అడిగింది. ఏం చెప్పాలి? వాళ్ళు మోసం చేశారని నేననలేను. వాళ్ళకూ తెలిసి ఉండదు. కేబుల్ చూడటానికి కొత్తదే. కొత్తగా కనిపించే వస్తువును ఎవరూ అనుమానించరు. తప్పు కేబుల్‌ది, శిక్ష పడింది బాగున్న బ్యాటరీకి, బాగున్న పోర్టుకు, ఆ అమ్మాయి జేబుకు. ఇలాంటివి నా బల్ల మీదికి వారానికి ఒకటైనా వస్తున్నాయి. కేబుల్ మీద ఫిర్యాదులు తక్కువే వస్తున్నాయని మీ శాఖ జవాబులో రాశారు. నిజమే, తక్కువే వస్తాయి. తమ ఫోను పాడైంది కేబుల్ వల్లనని తెలిస్తే కదా జనం దానిమీద ఫిర్యాదు చేసేది! ఫిర్యాదులు లేవన్న కారణంతో పరీక్షలు ఆపకండి, దయచేసి. పరీక్షలు లేకపోవడం వల్లనే ఫిర్యాదులు లేవు.

ఇప్పుడు అన్ని పరికరాలకూ ఒకే పిన్ను వచ్చేసింది. యూరోపియన్ యూనియన్‌లో 2024 డిసెంబరు 28 నుంచి కొత్త ఫోన్లకు, ట్యాబ్లెట్లకు, కెమెరాలకు టైప్‌-సి తప్పనిసరి అయింది. ఇది మంచి పని, నేను మనసారా ఆహ్వానిస్తాను. కానీ పిన్ను ఒకటే అయినప్పుడు చెడ్డ కేబుల్ ఒక్కటి ఇంట్లో చేరితే ఫోనుతో ఆగదు. అదే కేబుల్ కంప్యూటర్‌కు, హెడ్‌ఫోన్‌కు, పవర్ బ్యాంక్‌కు తగులుకుంటుంది. ఇంతమంది చేతులు మారే వస్తువు ఇంకొకటి ఉందా?

టైప్‌-సి వచ్చాక కేబుల్ ఉత్త తీగ కూడా కాదు, పరికరాలకు సమాచారం చెప్పే వస్తువు. ఒక కొసన పాత యూఎస్‌బీ-ఎ పిన్ను, రెండో కొసన టైప్‌-సి ఉన్న కేబుల్‌లో 56 కిలో ఓమ్‌ల రెసిస్టర్ (కరెంటుకు అడ్డుపడే చిన్న భాగం) ఉండాలి. దాన్నిబట్టే ఫోను తాను ఎంత కరెంటు లాగాలో తెలుసుకుంటుంది. దాని బదులు 10 కిలో ఓమ్‌లది పెడితే మూడు ఆంపియర్లు దొరుకుతాయని ఫోను నమ్ముతుంది. అవతల ఉన్నది అంత ఇవ్వలేని పాత చార్జరో, కంప్యూటర్ పోర్టో అయితే దాని ప్రాణం మీదికి వస్తుంది. గూగుల్ ఇంజనీరు బెన్సన్ లియుంగ్ 2015లో సొంతంగా కేబుళ్ళు కొని పరీక్షించి, ఫలితాలు అందరికీ చెప్పడం మొదలుపెట్టారు. 2016 ఫిబ్రవరిలో ఒక కేబుల్ ఆయన కంప్యూటర్‌ను, పరీక్ష పరికరాలను పాడుచేసింది. విప్పి చూస్తే కరెంటు తీగ, కరెంటు తిరిగొచ్చే గ్రౌండ్ తీగ తారుమారుగా అతికించి ఉన్నాయి. రెసిస్టర్ కూడా తప్పే. ఆ తర్వాత కొద్ది వారాలకే, ప్రమాణాలకు లోబడని టైప్‌-సి కేబుళ్ళను తమ వేదికపై అమ్మకూడదని అమెజాన్ నిబంధన తెచ్చింది. ఒక్క మనిషి, తన సొంత ఖర్చుతో, తన కంప్యూటర్ పోగొట్టుకుని చేసిన పని అది. మీ చేతిలో ప్రయోగశాలలు ఉన్నాయి, సిబ్బంది ఉన్నారు, అధికారం ఉంది. ఎందుకు ఆలస్యం?

మూడు ఆంపియర్లు దాటి ఐదు ఆంపియర్లు మోసే కేబుల్‌లో తన శక్తి ఎంతో చెప్పే చిన్న చిప్ తప్పనిసరిగా ఉండాలి. 60 వాట్ల వరకు అది లేకపోయినా సరిపోతుంది, ఆపైన 240 వాట్ల వరకు అది లేనిదే కుదరదు. నా దగ్గరున్న ఒక కేబుల్‌లో చిప్ ఉంది, ఐదు ఆంపియర్లు మోస్తానని చెబుతోంది. దాని తీగలు మాత్రం రెండు ఆంపియర్లకే వేడెక్కుతున్నాయి. చిప్ చెప్పిన మాటను చార్జరు నమ్ముతుంది, వేరే దారి లేదు దానికి. డేటా విషయానికి వస్తే, ఒకే రకం పిన్నులున్న రెండు కేబుళ్ళలో ఒకటి సెకనుకు 480 మెగాబిట్లు పంపుతుంది, మరొకటి 40 గిగాబిట్లు. పెట్టె మీద ఏమీ రాయకపోతే కొనేవాళ్ళకు ఎలా తెలియాలి? యూఎస్‌బీ ఇంప్లిమెంటర్స్ ఫోరం (యూఎస్‌బీ ప్రమాణాలను చూసుకునే సంస్థ) 60 వాట్లు, 240 వాట్లు అని తెలిపే గుర్తులు 2021లో తెచ్చింది. అవి స్వచ్ఛందం. ఇష్టమున్నవారు ధ్రువీకరణ తీసుకుంటారు, లేనివారు తీసుకోకుండానే అమ్ముకుంటారు.

మన్నిక గురించి కూడా ఒక మాట. టైప్‌-సి పిన్ను 10,000 సార్లు పెట్టి తీసినా తట్టుకోవాలని ప్రమాణం చెబుతుంది. రోజుకు మూడుసార్లు అనుకుంటే తొమ్మిదేళ్ళు. నా సొరుగులో ఏడాది నిండినవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. దాదాపు అన్నీ పిన్ను మెడ దగ్గరే తెగాయి.

చేయలేని పనులు నేను అడగడం లేదు. హెచ్‌డీఎంఐ (టీవీకి బొమ్మ, శబ్దం చేరవేసే) కేబుళ్ళలో సెకనుకు 48 గిగాబిట్లు మోసే అల్ట్రా హై స్పీడ్ రకానికి ధ్రువీకరణ తప్పనిసరి. ప్యాకెట్ మీదున్న లేబుల్‌ను ఫోనుతో స్కాన్ చేసి అసలైనదో కాదో కొనేవారే చూసుకోవచ్చు. టీవీకి బొమ్మ సరిగ్గా రావడానికి అంత జాగ్రత్త తీసుకోగలిగినప్పుడు, మంచం పక్కన రాత్రంతా కరెంటు మోసే తీగకు ఎందుకు తీసుకోలేం?

నమూనాల విషయంలో మాత్రం ఒక్కటి వేడుకుంటున్నాను. తయారీదారు పంపిన నమూనాను పరీక్షించి సరిపెట్టవద్దు. పరీక్షకు పంపేది ఎవరైనా మంచిదే ఎంచి పంపుతారు. ఆ తర్వాత అంగట్లోకి వచ్చే సరుకులో తీగ ఒక గేజ్ సన్నబడినా, రాగి పోయి అల్యూమినియం వచ్చినా పైనుంచి కనిపించదు. మీ సిబ్బందే మామూలు కొనుగోలుదారుల్లా వెళ్ళి కొనాలి. కోసి చూడాలి, నిరోధం కొలవాలి, పూర్తి కరెంటుతో గంటల తరబడి నడిపి వేడి చూడాలి, వంచి వంచి ఎప్పుడు తెగుతుందో చూడాలి, లోపలి రెసిస్టర్, చిప్ నిజం చెబుతున్నాయో లేదో చూడాలి. చూసినదాన్ని పేర్లతో సహా అందరికీ చెప్పాలి. పెట్టె మీద తీగ గేజ్, లోహం, ఎన్ని ఆంపియర్లు, ఎంత వేగం అన్నవి రాయించాలి. రాసింది అబద్ధమైతే సరుకు వెనక్కి తెప్పించాలి. ఇవన్నీ ఒకేసారి కాకపోతే కనీసం మొదటిది చేయండి. కొనండి, కోయండి, చెప్పండి. మీరు ఇచ్చిన మాట కూడా అదే కదా.

మంత్రి గారూ, కేబుల్ అనుబంధ వస్తువు అన్న మాటను మీ శాఖ దస్త్రాల్లోంచి తీసేయించండి. కరిగిపోయిన పోర్టును పట్టకారుతో పీకే నాకు ఆ మాట ఎంత బాధ కలిగిస్తుందో చెప్పలేను.

సొరుగులోని కేబుళ్ళన్నిటికీ చీటీలు ఉన్నాయి. కొలిచిన నిరోధం, రెండు ఆంపియర్ల దగ్గర పడిపోయిన వోల్టేజి, పోగుల లోహం, తెగిన చోటు, ఒక్కోదానికి రాసి పెట్టాను. ఒక పెట్టెలో సర్ది ఉంచాను. మీరు ఏ రోజు రమ్మంటే ఆ రోజు పని మానుకుని తెస్తాను. మీ అధికారుల ముందే కొలిచి చూపిస్తాను. కొలిచే మీటరు కూడా నేనే తెచ్చుకుంటాను. తేదీ ఒక్కటి చెప్పండి.

ఇట్లు,
మీ జవాబు కోసం 14 నెలలుగా ఎదురుచూస్తున్న
ఒక ఫోన్ల మెకానిక్