వార్షిక నివేదిక: ట్రాకా, తోటా?

గౌరవ సభ్యులకు నమస్కారం. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే, నేరుగా విషయానికి వస్తాను.

ఈ ఏడాది మనం గట్టిగా చెప్పుకోదగ్గది జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు కాలనీ ఖాళీ జాగాలో పెట్టిన చర్చ. ఆ జాగాలో సైకిల్ ట్రాక్ కావాలని పిల్లలు, కూరగాయల తోట కావాలని ఆడవాళ్లు ఎప్పటినుంచో పట్టుబడుతున్నారు. వానకు మైకు రెండుసార్లు ఆగినా ఎవరూ లేవలేదు. వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసిన పెద్దాయన లేచి, "సైరన్ మోగేలోపు గేటు కాడ ఉండాలని తొక్కినోళ్లం. అప్పుడు ట్రాక్ లేదు, రోడ్డే మాది. ఇప్పుడు హంటర్ రోడ్డు మీదికి మనవడిని పంపాలంటే టెన్షన్" అన్నారు. వెనక వరుసలోంచి ఒక అక్క, "ఈ జాగా చుట్టు తిరిగి మళ్ల ఈడికే వచ్చే ట్రాక్ మీద నీ మనవడు బడికెట్ల పోతడు బాపూ?" అని అడిగింది. చర్చ అక్కడే తేలిపోయింది. జాగాలో తోట, సైకిల్‌కు రోడ్డు మీదే దారి.

ఆ రెండూ కలిపి వినతిపత్రం రాశాం. రోడ్లు వాహనాల కోసం కాదు, మనుషుల కోసమని 2006 జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించమంది. కొత్తగా మనం అడిగిందేమీ లేదు. సభకు పిలిచిన అధికారుల కుర్చీలు మాత్రం చివరిదాకా ఖాళీయే. వినతిపత్రానికి ఇన్‌వార్డ్ నంబర్ వచ్చింది, జవాబు రాలేదు.

తోట సంగతి. నీళ్లు పోస్తామని పేరు రాయించుకున్న పన్నెండు మందిలో దసరా నాటికి మిగిలింది ముగ్గురు. వాట్సాప్‌లో బొటనవేలు చూపిస్తే మొక్క తడవదు. వాన మొహం చాటేసిన పదిహేను రోజుల్లో సొరపాదులు ఎండాయి, గోంగూర బతికింది, బంతి విరగబూసింది. బతుకమ్మకు పూలు కోసుకోవడానికి మాత్రం అందరూ వచ్చారు!

ఉచితంగా గాలి కొట్టిన సైకిల్ షాపు తమ్ముడికి, టెంటు అద్దె తగ్గించిన అన్నకు, చాయ్ పోసిన మహిళా సంఘం అక్కలకు, నారు ఇచ్చిన పెద్దమ్మకు, మైకు ఆగినప్పుడు గొంతుతోనే సభ నడిపిన మాస్టారుకు ధన్యవాదాలు.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. టెంటు బాకీ తీరింది, పైపు బిల్లు ఉంది.

నీళ్ల వంతుల పట్టిక గేటు పక్క గోడకు అంటించాను. ఆదివారం గడి ఇంకా ఖాళీగానే ఉంది.

ఇట్లు,
కార్యదర్శి