మూడోవాడి సంగతి

ఒరేయ్ శీనూ,

జవాబు రెండు నెలలు ఆలస్యం, తిట్టుకో. ఇక్కడ అంతా క్షేమం, మామిడి కాపు తక్కువ, అంతే. నువ్వు పోయిన ఉత్తరంలో ఓ ముక్క రాశావు చూడు, క్రాస్బీ, మాల్కిన్ లాంటి సెంటర్లు ఇద్దరున్నాక అమెరికా ఐస్ హాకీ జట్టు పిట్స్‌బర్గ్ గెలవడంలో వింతేముందని? అప్పట్నుంచీ కడుపుబ్బరంగా ఉంది. వింతంతా ఆ ఇద్దరి వెనకుండే మూడోవాడిలో ఉందిరా! హాస్టల్లో మూడో ఇడ్లీ గుర్తుందా? అచ్చం అదే.

ఐస్ హాకీలో ఫార్వర్డ్‌లు పన్నెండు మంది, ముగ్గురేసి నాలుగు లైన్లు, లైన్‌కి మధ్యలో ఓ సెంటర్, పక్కల ఇద్దరు వింగర్లు. ముప్పావు నిమిషం ఆడి బెంచీకి రావాలి. ఫేస్‌ఆఫ్, అంటే రిఫరీ వదిలిన పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) కోసం ఎదుటివాడితో తలపడటం, సెంటర్‌దే, సొంత గోల్ ముందు డిఫెండర్లకి సాయంగా దిగేదీ వాడే. వింగర్ ఓ పూట బద్ధకించినా నెట్టుకురావచ్చు, సెంటర్ బద్ధకిస్తే కొంప మునుగుతుంది. ఎదుటి కోచ్ తన మొదటి డిఫెన్స్ జోడీని క్రాస్బీ మీదకి, రెండోదాన్ని మాల్కిన్ మీదకి వదిలాడనుకో, మూడో సెంటర్‌కి అడ్డంపడేది మూడో జోడీయే. అదీ కిటుకు. మూడోవాడు డొల్లయితే పై ఇద్దరితోనే ఎక్కువ ఆడించాలి, కాళ్ళు లాగేస్తాయి, అలసి పక్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి విసిరేస్తే ఐసింగ్ అనే తప్పు. ఐసింగ్ చేసిన జట్టు మనుషుల్ని మార్చకూడదు, అలసినవాళ్ళే తమ గోల్ పక్కన ఫేస్‌ఆఫ్‌కి నిలబడాలి. ఇక చూస్కో.

పిట్స్‌బర్గ్ 2009లో స్టాన్లీ కప్పు (లీగ్ టైటిల్) గెలిచినప్పుడు ఆ మూడోవాడు జోర్డాన్ స్టాల్. 2012లో అతన్నిచ్చి తెచ్చుకున్నవాళ్ళలో బ్రాండన్ సటర్ ఒకడు. 2015లో సటర్‌నిచ్చి నిక్ బొనీనోని తెచ్చారు. పాతచీరకి స్టీలుగిన్నె, గిన్నెకి చెంబు! ఆ చెంబు ఏం చేసిందో విను.

2016 మార్చిలో మాల్కిన్‌కి దెబ్బ తగిలితే, వింగర్లు హాగెలిన్‌కీ కెసెల్‌కీ మధ్య బొనీనోని నిలబెట్టారు. హాగెలిన్‌ది పరుగు, కెసెల్‌ది షాట్, ఈయనది బుర్ర. మాల్కిన్ తిరిగొచ్చాక కూడా ప్లేఆఫ్స్‌లో (కప్పు కోసం ఆడే నాకౌట్ దశలో) ఆ ముగ్గుర్నీ విడదీయలేదు. అక్కడే కోచ్ సలివన్ తెలివి కనిపిస్తుంది.

మే 30, శాన్ హోసేతో ఫైనల్ మొదటి మ్యాచ్. 2-0 ఆధిక్యం కరిగి 2-2. ఇంకా 2 నిమిషాల 33 సెకన్లు. మూల నుంచి మన డిఫెండర్ లెటాంగ్ పాస్, గోల్ ముందు బొనీనో, పక్ లోపల! కెనడాలో అప్పట్లో పంజాబీ కామెంటరీ చెప్పే హర్‌నారాయణ్ సింగ్ ఊపిరి తీసుకోకుండా 'బొనీనో, బొనీనో, బొనీనో' అంటూనే ఉన్నాడు. క్రాస్బీ పేరు కాదురా, మూడోవాడి పేరు! అది ఎంత పాకిందంటే, కప్పు గెలిచాక ఊరేగింపు సభకి ఆ పంజాబీ బృందాన్ని పిట్స్‌బర్గ్ పిలిపించుకుంది. ఇప్పటికీ వింటే ఒళ్ళు జలదరిస్తుంది, నవ్వకు.

తర్వాతదే బాధ. 2017 ఫైనల్లో షాట్‌కి అడ్డంపడి కాలి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆ ఏడూ కప్పు వీళ్ళదే, కానీ ఆ వేసవిలోనే, ఫైనల్లో తాము ఓడించిన నాష్‌విల్ జట్టుకే వెళ్ళిపోయాడు. నాలుగో సెంటర్ కల్లన్ కూడా వెళ్ళాడు. ఆ ఖాళీలో 2018 ఫిబ్రవరిలో బ్రసార్డ్ అనే సెంటర్‌ని తెచ్చారు, అతుకు అతకలేదు, రెండో రౌండ్లో వాషింగ్టన్ చేతిలో ఇంటికి. నీ పాత బజాజ్‌కి కార్బ్యురేటర్ మార్చినట్టే, అర్థమైందిగా?

అయ్యో, కల్లన్ గురించి అసలు చెప్పనేలేదు, 2016 కప్పు నాటికి 39 ఏళ్ళు, అయినా ఫేస్‌ఆఫ్ దగ్గర... సరే, పోస్టుకి వెళ్ళే కుర్రాడు గుమ్మంలో నిలబడ్డాడు. ఉంటా.

నీ
మూడో ఇడ్లీ