టూత్‌పేస్ట్ చిట్కా సగమే చెప్పారు

సంపాదకుల వారికి,

కారు హెడ్‌లైట్లు మసకబారితే టూత్‌పేస్ట్ రాసి రుద్దండి, కొత్తవాటిలా మెరుస్తాయి అని మీ ఇంటి చిట్కాల శీర్షికలో వేశారు. అబద్ధమని అనను, మెరుస్తాయి. నేనూ అదే చేశాను, అందుకే ఈ ఉత్తరం. ఆ మెరుపు ఎన్నాళ్లుంటుందో, ఆ తర్వాత ఏమవుతుందో మాత్రం రాయలేదు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

మనం అలవాటు కొద్దీ హెడ్‌లైట్ అద్దం అంటాం గానీ అది అద్దం కాదు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. పాత కార్లకు నిజంగానే గాజు ఉండేది, రాయి తగిలితే పగిలేది తప్ప పసుపెక్కేది కాదు. 1980ల నుంచి ప్లాస్టిక్ వచ్చింది. తేలిక, దెబ్బకు ఓర్చుకుంటుంది, కారు ముక్కు ఏ వంపు తిరిగితే ఆ వంపులో పోత పోయొచ్చు. దానికి పడనిది ఎండ. ఎండలోని యూవీ కిరణాలు నేరుగా తగిలితే పసుపెక్కి, పైభాగం పెళుసుబారి, సన్నని పగుళ్లు పడతాయి. అందుకే ఫ్యాక్టరీలోనే దాని మీద యూవీని ఆపే గట్టి పూత ఒకటి వేసి పంపుతారు, అది పైకి కనిపించదు. కొన్నేళ్ల ఎండకీ, దుమ్ముకీ, ఎదురుగాలిలో వచ్చి కొట్టే ఇసుకకీ ఆ పూత అరిగి పెచ్చులు లేస్తుంది. మనకు కనిపించే మసక చాలావరకు ఆ చచ్చిన పూతా, దాని కింద పాడవడం మొదలైన ప్లాస్టిక్కూనూ. ఎప్పుడూ ఒకే చోట, ఒకే దిక్కుకు ఎండలో నిలబెట్టే కారైతే ఒకవైపు దీపం రెండోదాని కంటే ముందే పోతుంది, కావాలంటే మీ కారు చూడండి.

టూత్‌పేస్ట్‌లో పళ్లను రుద్దే మెత్తని పొడి ఉంటుంది కదా, అదే ఇక్కడా పని చేసేది. పైపైన ఉన్న పసుపును గీకేస్తుంది, దాంతోపాటు ఇంకా మిగిలి ఉన్న కాస్త పూతనూ గీకేస్తుంది. అంటే ప్లాస్టిక్ మీద గొడుగు తీసేసి మళ్లీ ఎండలో నిలబెట్టినట్టే. నా కారుకు ఆ మెరుపు రెండు నెలలు కూడా నిలవలేదు, ఈసారి పసుపు మునుపటికంటే చిక్కగా వచ్చింది. ఇంతకంటే ఘోరం ఆన్‌లైన్‌లో తిరిగే దోమల స్ప్రే చిట్కా. ఒంటికి రాసుకునే దోమల మందుల్లో చాలావాటిలో ఉండే డీట్ అనే రసాయనం ప్లాస్టిక్ పైభాగాన్ని కరిగిస్తుంది, కరిగింది కాబట్టి ఆ పూటకి నున్నగా, తళతళలాడుతూ కనిపిస్తుంది, వీడియో తీసుకోవడానికి ఆ పూట చాలు. అది కారి బానెట్ మీద పడితే పెయింటూ పాడవుతుంది.

సరే, ఇంట్లో బాగు చేసుకోవడం కుదరదా అంటే, కుదురుతుంది. కానీ ముందు ఒక్క పరీక్ష. దీపం మీద నీళ్లు చల్లండి. తడిగా ఉన్నంతసేపు బాగా తేటగా కనిపించి, ఆరగానే మళ్లీ మసకబారితే జబ్బు బయటివైపు ఉన్నట్టు, రుద్దితే పోతుంది. తడిపినా మారకపోతే లోపలివైపు మసకో, చెమ్మో, లోతైన పగుళ్లో అయ్యుండొచ్చు, అప్పుడు బయట ఎంత రుద్దినా చేతులు నొప్పెట్టడమే.

నేను రెండోసారి పద్ధతిగా మొదలుపెట్టాను. దీపం కడిగి, చుట్టూ పెయింట్ మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు వేశాను (ఒక మూల వేయడం మరిచిపోయాను, బానెట్ అంచున ఆ గీత ఇప్పటికీ ఉంది). 800 నంబరు వాటర్ పేపరు (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) నీళ్లలో నానబెట్టి అడ్డంగా రుద్దడం, తర్వాత 1500తో నిలువుగా, 2000తో మళ్లీ అడ్డంగా, చివరికి 3000. దిశ ఎందుకు మార్చాలంటే ముందు కాగితం గీతలు పూర్తిగా పోయాయో లేదో అప్పుడే తెలుస్తుంది. ఎక్కడా పొడిగా రుద్దకూడదు. మొదట్లో కారే నీళ్లు పసుపు కలిపిన పాలలా ఉంటాయి, అవి తెల్లబడేదాకా మొదటి కాగితం వదలకూడదు. ఇక్కడ ఒక మాట ముందే చెప్పాలి, ఈ దశలో దీపం బటర్ పేపర్ చుట్టినట్టు తెల్లగా, గుడ్డిగా అయిపోతుంది, నిజంగా టెన్షన్ వస్తుంది. మా ఆవిడ వచ్చి చూసి "ఉన్నదాన్ని కూడా పాడు చేశారుగా" అని లోపలికి వెళ్లిపోయింది. 3000 దాటి, పాలిషింగ్ కాంపౌండ్ మెత్తని గుడ్డతో తిప్పి తిప్పి రుద్దాక లోపలి బల్బు, దాని వెనక రిఫ్లెక్టర్ మెరుపు ఒక్కసారిగా బయటపడ్డాయి. మళ్లీ పిలిచి చూపించాను లెండి.

అయితే అక్కడితో అయిపోయిందనుకుని సామాన్లు సర్దేశాను, అదీ నేను చేసిన తప్పు. కొన్ని నెలలకే మళ్లీ పసుపు. ఫ్యాక్టరీ పూత మొత్తం నా చేత్తో నేనే తీసేసి, దాని స్థానంలో ఏదీ వేయలేదు మరి. మూడోసారి రుద్దాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడిచి, ఆరనిచ్చి, హెడ్‌లైట్ల కోసమే అమ్మే యూవీ పూత డబ్బా మీద చెప్పినట్టు వేశాను, ఇప్పటిదాకా తేటగానే ఉంది. మైనం రాసినా కొంత నయమే, కానీ కొన్ని వారాలకోసారి రాస్తూ ఉండాలి. రెండు డబ్బాలు కలిపి కొట్టే క్లియర్ కోట్ అనే రంగులేని పూత గట్టిగా నిలుస్తుంది గానీ దాని గట్టిదనానికి వాడే ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఊపిరికి ప్రమాదం, తగిన మాస్కు, గాలీ వెలుతురూ లేకుండా ఇంట్లో ఎవరూ ఆ పని పెట్టుకోవద్దు.

ఇదంతా కారు అందం గొడవైతే పత్రికకు రాసేవాణ్ణి కాదు. అమెరికాలోని వాహనదారుల సంఘం ఏఏఏ 2018లో పరీక్షించి చూస్తే, మసకబారిన హెడ్‌లైట్లు కొత్తవి ఇచ్చే వెలుగులో సుమారు 20 శాతమే ఇచ్చాయి, రుద్ది బాగు చేస్తే 70 శాతం దాకా తిరిగొచ్చింది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది, ఆ చీకట్లో రోడ్డు దాటే మనిషి ముదురు రంగు బట్టలు వేసుకుంటే ఇక చెప్పేదేముంది. పైగా ఆ మసకలో చెదిరిన వెలుగు రోడ్డు మీద పడకుండా ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. దీపం చాలడం లేదని కొందరు ఇంకా పెద్ద బల్బు వేయిస్తారు, అదేమో మసక అలాగే ఉంచి ఎదుటివాడి అవస్థ పెంచడం. తప్పు బల్బుది కాదు మహానుభావా, దాని ముందున్న ప్లాస్టిక్‌ది.

వాహన తనిఖీల్లో దీపం వెలిగిందా లేదా అని స్విచ్ వేసి చూసి సరిపెట్టకుండా, ఎంత వెలుగు రోడ్డు మీద పడుతోందో కొలవాలి. జపాన్‌లో వాహన తనిఖీలో హెడ్‌లైట్ వెలుగును మిషన్ పెట్టి కొలుస్తారు, చాలకపోతే పాస్ చేయరు. కార్ల కంపెనీలు కూడా ఈ పూతకు ఆయుష్షు ఉందని, అయిపోయాక ఏం చేయాలో యజమానికిచ్చే పుస్తకంలో ఒక పేజీ వేస్తే వాళ్ల సొమ్మేం పోదు. ఆడియో సిస్టమ్‌కు ఇరవై పేజీలు ఇస్తున్నారు కదా.

మీకు నా విన్నపం చిన్నది. ఆ చిట్కా మళ్లీ వేయండి, ఈసారి పూర్తిగా వేయండి, యూవీ పూత సంగతి మొదటి వాక్యంలోనే పెట్టండి. చిట్కాలు చదివేవాళ్లలో చాలామంది, నాతో సహా, చివరిదాకా చదవరు.

ఇట్లు,
మీ పాఠకుడు