కరిగే వేడితో పాటు పగిలే వేడీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఎల్ చేసిన స్క్రామ్‌జెట్ (ధ్వనికి ఎన్నో రెట్ల వేగంతో పోయే క్షిపణుల ఇంజిన్) పరీక్షల వార్తల్లో, ఇంజిన్ లోపలి సిరామిక్ పూత ఉక్కు కరిగే వేడిని మించి తట్టుకుంటుందన్న మాటే పెద్దక్షరాల్లో వస్తోంది. నిజమే. కానీ సిరామిక్‌లు చాలావరకు పాడయ్యేది పగిలి.

అల్యూమినియం ఆక్సైడ్‌తో చేసే సిరామిక్, అల్యూమినానే చూడండి. కరగాలంటే 2,050 డిగ్రీల సెల్సియస్ దాకా పోవాలి. అదే ముక్కను 300 డిగ్రీలకు కాచి మామూలు నీళ్లలో పడేస్తే సగానికి పైగా బలం పోతుంది. పైపొర చల్లబడి కుంచించుకుపోబోతుంది, ఇంకా వేడిగా ఉన్న లోపలి భాగం పోనివ్వదు. ఆ లాగుడుకి తయారీలో మిగిలిన కంటికానని లోపం కూడా పగులై సాగుతుంది. సిలికాన్ నైట్రైడ్ అనే మరో సిరామిక్ 1,900 డిగ్రీల దగ్గరే మూలకాలుగా విడిపోవడం మొదలెడుతుంది. అయినా ఇలాంటి హఠాత్తు వేడి తేడాను అల్యూమినా కన్నా రెండు మూడింతలు ఓర్చుకుంటుంది.

ఇక దెబ్బ సంగతి. 2003లో తిరుగు ప్రయాణంలో ముక్కలైన అమెరికా అంతరిక్ష నౌక కొలంబియా షటిల్ రెక్క అంచు కార్బన్-కార్బన్ (కార్బన్ నారలతో బలపరిచిన కార్బన్) పలకలు 1,600 డిగ్రీల వేడికి తయారైనవి, మందం సుమారు పావు అంగుళం. 2003 జనవరి 16న ఎగిరిన 82 సెకన్లకు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ముప్పావు కిలో ఫోమ్ ముక్క గంటకు దాదాపు 850 కిలోమీటర్ల వేగంతో ఆ అంచుకు తగిలింది. ఆ జూలైలో టెక్సస్‌లో గ్యాస్ తుపాకీతో అలాంటి ముక్కనే రెక్క అంచు 8వ పలక మీద పేలిస్తే 40 సెంటీమీటర్ల కన్నం పడింది. (టైల్ ఊడిందని ఇప్పటికీ రాస్తుంటారు. దెబ్బ తిన్నది టైల్ కాదు, ఈ రెక్క అంచు పలక.)

వేడి, దెబ్బ కలిస్తే లెక్క మళ్లీ మారుతుంది. 1,200 డిగ్రీలు దాటాక చాలా సిరామిక్‌లలో రేణువుల మధ్య గాజులాంటి పొర మెత్తబడుతుంది. నెమ్మదిగా బరువు వేస్తే ముక్క కాస్త వంగుతుంది. మైక్రోసెకన్లలో పడితే ఆ పొర సాగే వ్యవధే ఉండదు, ఫట్‌మంటుంది. ఫర్నేస్‌లో తీరిగ్గా చేసిన పరీక్ష ఇక్కడ చెల్లదు, హాప్‌కిన్సన్ బార్ (రెండు పొడవాటి కడ్డీల మధ్య నమూనా పెట్టి, ఒక కడ్డీ కొసను కొట్టి, మెరుపు దెబ్బకు అది ఎలా తట్టుకుంటుందో కొలిచే పరికరం) కావాలి. అందులోనూ తిరకాసుంది. కొన్ని మిల్లీమీటర్ల వేడి నమూనాకు చల్లటి కడ్డీలు ముందే ఆనిస్తే కొసలు చల్లారి, దెబ్బకు ముందే చిట్లుతుంది. అందుకని నమూనాను విడిగా కాచి, ఆఖరి క్షణంలో కడ్డీలు తాకేలా అమరుస్తారు. కడ్డీని కొట్టే చోట, దెబ్బ కాస్త నెమ్మదిగా పెరిగేలా పలుచటి రాగి బిళ్ల పెట్టకపోతే, రెండు కొసల్లో బలం సమం కాకముందే ముక్క పగిలి రీడింగ్ పనికిరాకుండా పోతుంది.

పూత ఎన్నిసార్లు వేడెక్కి చల్లారింది, ఎంత త్వరగా, ఎక్కడ పెచ్చులు లేచింది అన్నవి కూడా ఈసారి అడిగి రాయమని మీ విలేకరులకు చెప్పగలరు.

– పదార్థ పరీక్షల రంగంలోని పాఠకులు, హైదరాబాద్