ద్రవ్యవేగానికి హద్దు లేదు

సంపాదకుడు గారికి,

హన్మకొండలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే ద్రవ్యవేగం అని బట్టీ పట్టించి వదిలేస్తుంటే బాధేస్తుంది. కాజీపేట మీదుగా పోయే రైలుకు ఆ లెక్క చాలు. కాంతి వేగంలో 90 శాతానికి చేరితే అసలు ద్రవ్యవేగం ఆ లెక్కలో వచ్చేదానికి దాదాపు 2.3 రెట్లు, 99 శాతం దగ్గర 7 రెట్లు! జెనీవా దగ్గర సెర్న్ పరిశోధన కేంద్రంలో, కణాలను వేగంగా పరిగెత్తించే యంత్రంలో ప్రోటాన్లు కాంతి కన్నా సెకనుకు సుమారు 3 మీటర్లే వెనకబడతాయి. ఇంకా నెట్టినా వేగం పెరిగేది అంతంతే, ద్రవ్యవేగం మాత్రం పెరుగుతూనే పోతుంది. మొన్న బోర్డు మీద వేగంతో పాటు ద్రవ్యవేగం ఇలా పెరిగే గ్రాఫ్ గీస్తే, వెనక బెంచీ అమ్మాయి "అయితే హద్దు వేగానికేనా సార్?" అని అడిగింది. ఎంత మంచి ప్రశ్న! పరీక్షలో రాదని ఇలాంటివి దాటేయకూడదు. మీ విద్యా పేజీలో వారానికొకటైనా వేయండి.

- ఒక ఫిజిక్స్ లెక్చరర్, హన్మకొండ